చిలక పోయాక

తెనాలి, సోమవారం తెల్లవారుజాము

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది, జవాబు రాయలేకపోయాను. క్షమించరా. అమ్మకి మోకాలు నొప్పి తగ్గింది, చిన్నోడు మూడో తరగతికి వచ్చాడు. ఇవన్నీ తర్వాత. అసలు సంగతి నీకు చెప్పేదాకా నాకు నిద్ర పట్టేలా లేదు.

నువ్విచ్చిన 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' నవల రాత్రి అయిపోయింది. కాలవ గట్టు మీద మనం గొడవ పడ్డాం, గుర్తుందా? "గెలిచాక కూడా ముసలితనం లేని ఆ ఎల్ఫుల జాతి దిగులుగా ఓడెక్కి పోవడమేంట్రా" అన్నావు. ఆరోజు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడుంది. చిలక!

మన చిలకేరా, మర్రితొర్రలోది. ఏడు సముద్రాల అవతల మాంత్రికుడి ప్రాణం. నవల్లో దుర్మార్గుడు సౌరాన్ చేసిందీ అదే, తన బలంలో చాలా భాగం ఒక ఉంగరంలో పోసేశాడు. అది కరిగితే వాడి పని అయిపోయినట్టే. ఇంతవరకూ మీ మామ్మ చెప్పిన కథే. కానీ మామ్మ కథలో చిలక పీక నులమగానే రాళ్లయిపోయిన రాజకుమారులంతా లేచి కూర్చునేవాళ్లు. ఇక్కడ అలా కాదు. ఎల్ఫుల దగ్గర వేరే మూడు ఉంగరాలున్నాయి, వాడు ముట్టుకోనివే, మంచివే. కానీ వాటిని చేసిన విద్య వాడి దగ్గర నేర్చుకున్నదే. అందుకే వాడి పెద్ద ఉంగరం పోతే వీటి శక్తీ పోతుంది. వాటిలో ఒకటి పెట్టుకున్న ఎల్ఫుల దొరసాని గలాడ్రియెల్‌కి ఇది ముందే తెలుసురా! పెద్ద ఉంగరాన్ని కరిగించడానికి బయల్దేరిన ఫ్రోడో ఓడితే సౌరాన్ వచ్చి పడతాడు, గెలిస్తే తన అడవి లోత్లోరియెన్ వాడిపోతుంది. పైగా ఫ్రోడో ఆ ఉంగరం నువ్వే తీసుకో అంటాడు. తీసుకోదు. పడవలూ దారి బత్తెం ఇచ్చి సాగనంపుతారు. అక్కడ పుస్తకం మూసి, పెరట్లోకి వెళ్లి చాలాసేపు నిలబడ్డాను.

ఆగు, ఇంకా ఉంది. వెళ్లేటప్పుడు ఆవిడ ఫ్రోడో తోటమాలి సామ్‌కి చిన్న చెక్కపెట్టెలో తన తోట మట్టి ఇస్తుంది కదా. ఉంగరం కరిగాక వాడు ఊరొచ్చి చూస్తే చాలా చెట్లు కొట్టేసి ఉంటాయి. ఆ మట్టి తన తోటకే పోసుకోడు. మంచి మంచి చెట్లు పోయిన చోటల్లా మొక్క నాటి, దాని మొదలు దగ్గర ఒక్కో రవ్వ వేస్తాడు. మిగిలింది వాళ్ల ప్రాంతం షైర్ నడిమధ్య రాయి దగ్గర గాల్లోకి వదుల్తాడు. పెట్టెలో ఉన్న ఒకే ఒక్క గింజ మైదానంలో పాతితే, వాళ్ల లెక్కలో 1420 ఏప్రిల్‌కి బంగారు పూలు పూసింది. అప్పటికి ఉంగరం కరిగి ఏడాది దాటింది. మరి ఆవిడ ఉంగరం శక్తి పోయాక కూడా ఆ మట్టి ఎలా పనిచేసిందిరా?

పుస్తకంలో ఇలా రాసి లేదు, నాకు తోచింది చెప్తున్నా. ఉంగరాల మాయ ఉన్నదాన్ని ఉన్నట్టే ఆపి ఉంచే మాయ. లోత్లోరియెన్‌లో రోజులు గడిచినట్టే ఉండవు. ఆ పట్టు సడలితే ఆగిన కాలమంతా ఒక్కసారి మీద పడుతుంది. మట్టి మాయ వేరు. అది వేళ్లలోకి ఇంకిపోయింది, ఇక దాన్ని ఎవరూ పట్టుకుని కూర్చోనక్కర్లేదు. మీ దొడ్లో నేరేడు కొట్టేసినప్పుడు నువ్వు రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నాకు రాత్రంతా అదే... సర్లే, కలిసినప్పుడు.

అన్నట్టు, సామ్ పెద్దకూతురికి ఎలనోర్ అని లోత్లోరియెన్ పువ్వు పేరే పెట్టాడు చూశావా, దాని గురించి అసలు

బావమరిది బయట హారన్ కొడుతున్నాడు. ఆవకాయ జాడీ, ఈ ఉత్తరం వాడి చేతికే ఇస్తున్నా. వెంటనే రాయి.

నీ
రాము