సీసాలో ఎన్ని మిల్లీగ్రాములు?

సంపాదకుల వారికి,

గంజాయి అనగానే మన జిల్లా పేజీలో బస్సుల్లో దొరికిన పొట్లాలు, రైల్వే స్టేషన్ తనిఖీలే కనబడతాయి. అదే మొక్క ఆకుతో చేసిన నూనె ‘విజయ’ అనే ఆయుర్వేద పేరుతో ఫోన్‌లో ఆర్డర్ పెడితే తిరుపతి, చిత్తూరు ఇళ్లకు కొరియర్‌లో వస్తోంది. క్యాన్సర్ నొప్పికని, పిల్లల ఫిట్స్‌కని, నిద్రకని కొంటున్నారు. ఇది చట్టానికి లోబడిందేనా, పెట్టిన డబ్బుకు తగ్గ మందేనా, పనిచేస్తుందా అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఏ ప్రశ్న తీసుకున్నా చివరికి లేబుల్ మీద చాలాసార్లు కనబడని ఒక లెక్క దగ్గరే ఆగిపోతాం. ఆ సీసాలో టీహెచ్‌సీ (మొక్కలో మత్తు కలిగించే పదార్థం) ఎన్ని మిల్లీగ్రాములు, సీబీడీ (మత్తు కలిగించని మరో పదార్థం) ఎన్ని మిల్లీగ్రాములు?

ముందు చట్టం సంగతి. మాదకద్రవ్యాలను నియంత్రించే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం గంజాయి అంటే మొక్క పూత, కాయ కొసలు. ఆ కొసలు కలవని ఉత్త ఆకు, ఉత్త గింజ గంజాయి కిందికి రావు. ఆకు సంగతి రాష్ట్ర ఎక్సైజ్ చట్టాలకు వదిలేశారు. అందుకే ఉత్తరప్రదేశ్, రాజస్థాన్‌లలో ఈ ఆకు అమ్మే, లైసెన్సు ఉన్న భంగు దుకాణాలు నడుస్తాయి. మన దగ్గర ఆ అలవాటు లేదు. మందుల వైపు చూస్తే, 1945 డ్రగ్స్ రూల్స్‌లోని షెడ్యూల్ ఇ(1) అనే విషద్రవ్యాల జాబితాలో నల్లమందు, ఉమ్మెత్త, వత్సనాభి సరసన ఈ ఆకు (భంగ) కూడా ఉంది. ఆయుర్వేద మందులో వాడుకోవచ్చు గానీ, వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక లేబుల్ మీద హిందీలో, ఇంగ్లీషులో ఉండి తీరాలి. గ్రహణి అనే జీర్ణకోశ జబ్బుకు ఇచ్చే జాతీఫలాది చూర్ణంలో భంగ ఎప్పటినుంచో ఉన్నదే. ఆకును నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, ఆవునెయ్యిలో వేయించి శుద్ధి చేయడం పాత పద్ధతి. (ఆ వేడికే ఆకులోని ఆమ్లరూపం టీహెచ్‌సీగా మారుతుంది. పాతవాళ్లకు ఆ పేరు తెలియకపోయినా పని తెలుసు.)

చిక్కు చూర్ణంతో కాదు, గాఢమైన నూనెతో. ఎన్‌డీపీఎస్ చట్టంలోనే చరస్ నిర్వచనం చూడండి. మొక్క నుంచి వేరుచేసిన జిగురు ఏ రూపంలో ఉన్నా, గాఢంగా చేసిన హషీష్ నూనె అయినా చరసే. అది పూత నుంచి రావాలా, ఆకు నుంచి రావాలా అని అందులో రాయలేదు. తయారీదారు ‘ఇది ఆకు సారం’ అంటాడు, పట్టుకున్న పోలీసు ‘ఇది గాఢ జిగురు’ అంటాడు. ఆ తగాదా తేలేదాకా ఇరుక్కునేది సీసా చేతిలో ఉన్న రోగి. పైగా 2020లో హీరా సింగ్ కేసులో సుప్రీంకోర్టు మత్తుమందు ఒక్కటే కాదు, అందులో కలిపిన నూనె, పొడితో సహా మొత్తం బరువు లెక్కేయాలని చెప్పింది. 30 మి.లీ. నూనె సీసాలోని సరుకు బరువు 30 గ్రాముల లోపే. చరస్‌లో చిన్న పరిమాణం 100 గ్రాములు. అంటే అన్నీ ఎదురు తిరిగినా అది చిన్న పరిమాణమే, ఏడాది దాకా జైలు లేదా పదివేల జరిమానా లేదా రెండూ. రోగికి అది తక్కువేమీ కాదు. కాబట్టి సీసా ఒక్కటే పట్టుకుని తిరగవద్దు. రిజిస్టర్డ్ ఆయుర్వేద వైద్యుడి చీటీ, బిల్లు, బ్యాచ్ నంబరు కలిపి పెట్టుకోవాలి. చీటీ మీద రోగి పేరు, మోతాదు, ఎన్ని రోజులకో ఉండాలి. వీడియో కాల్‌లో రెండు నిమిషాలు మాట్లాడి పంపే చీటీల మీద చాలాసార్లు ఈ మూడూ ఉండవు.

అమెరికాలోలా ఇక్కడా గంజాయి మందు అమ్మే డిస్పెన్సరీలు పెడితే బాగుండునని కొందరంటారు. మన దగ్గర ఆయుర్వేద మందు తయారుచేయడానికి లైసెన్సు కావాలి, అమ్మడానికి అక్కర్లేదు. తీవ్రమైన నొప్పికి ఇచ్చే మార్ఫిన్ మాత్రకు తాళం, రిజిస్టరు, బాధ్యుడైన డాక్టరు ఉంటే, ఈ సీసాకు అమ్మే చోట అడిగేవాడే లేడు. మనకు కరువు దుకాణాలు కాదు, అడిగేవాడు.

ఇక ధర. ‘3000 మి.గ్రా. విజయ సారం’ అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అది సారం బరువు, అందులోని మందు బరువు కాదు. సీసా 3,000 రూపాయలనుకుందాం. అందులో టీహెచ్‌సీ 600 మి.గ్రా. ఉంటే మిల్లీగ్రాము ఐదు రూపాయలు పడింది. 150 మి.గ్రా. మాత్రమే ఉంటే ఇరవై రూపాయలు. రెండు సీసాల మీదా ఒకే 3000 అచ్చయి ఉండవచ్చు. కొనేముందు ఆ బ్యాచ్‌కు సంబంధించిన ల్యాబ్ రిపోర్టు అడగండి. టీహెచ్‌సీ, సీబీడీ విడివిడిగా, సీసం లాంటి లోహాలు, మిగిలిపోయిన ద్రావకం ఎంతో అందులో ఉండాలి. రిపోర్టు మీది బ్యాచ్ నంబరు, సీసా మీది నంబరు ఒకటే కావాలి. రిపోర్టు ఇవ్వనంటే ఆ సీసా వద్దు.

మోసం ఎక్కువ జరిగేది ‘హెంప్ ఆయిల్’ దగ్గర. 2021లో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గంజాయి మొక్క గింజను, గింజ నూనెను ఆహారంగా అనుమతించింది. ఆ నూనెలో టీహెచ్‌సీ కిలోకు 10 మి.గ్రా. మించకూడదు. అంటే 30 మి.లీ. సీసా మొత్తంలో మూడోవంతు మిల్లీగ్రాము కూడా ఉండదు. అమెరికాలో కీమో వాంతులకు 1985లో ఆమోదం పొందిన డ్రొనాబినాల్ (మందుగా తయారుచేసిన టీహెచ్‌సీ) క్యాప్సూల్ అతి చిన్నదే 2.5 మి.గ్రా. గింజ నూనె అన్నంలో కలుపుకోవడానికి పనికొస్తుంది గానీ నొప్పికి కాదు. పెట్టె మీద ఆకు బొమ్మ ఉన్నా, ఆహార లైసెన్సు నంబరు ఉంటే అది ఆహారమే.

పిల్లల ఫిట్స్‌కి సీబీడీ పనిచేస్తుందన్న మాటలో నిజముంది, అయితే అన్ని ఫిట్స్‌కీ కాదు. 2018 జూన్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఎపిడియోలెక్స్ అనే శుద్ధ సీబీడీని ముందుగా డ్రావే, లెనాక్స్-గస్టో అనే రెండు మొండి ఫిట్స్ జబ్బులకు ఆమోదించింది. మోతాదు కిలో బరువుకు 2.5 మి.గ్రా. చొప్పున రోజుకు రెండుసార్లు మొదలుపెట్టి, వారం తర్వాత 5 మి.గ్రా.కి పెంచుతారు. 20 కిలోల బిడ్డకు అది రోజుకు 200 మి.గ్రా. ‘1000 మి.గ్రా. సీబీడీ’ సీసా నిజంగానే 1000 ఉన్నా ఐదు రోజులకు అయిపోతుంది. నెలకు ఆరు సీసాలు! అంత కొనలేక రోజుకు నాలుగు చుక్కలు వేస్తూ, అది పనిచేస్తోందన్న ధీమాతో పాత ఫిట్స్ మాత్ర ఆపేయడం అన్నిటికంటే ప్రమాదం. ఆగకుండా ఫిట్స్ వస్తాయి. క్లోబజామ్ అనే ఫిట్స్ మందు వాడే బిడ్డకు సీబీడీ కలిస్తే మగత పెరుగుతుంది. వాల్‌ప్రోయేట్ అనే ఇంకో ఫిట్స్ మందుతో కలిస్తే లివర్ పరీక్ష చేయించాలి. ఈ రెండూ న్యూరాలజిస్టు చెప్పాలి గానీ యాప్ చెప్పదు.

క్యాన్సర్ నొప్పి విషయంలో నా మాట కొందరికి నచ్చకపోవచ్చు. టీహెచ్‌సీ, సీబీడీ కలిపిన నాబిక్సిమాల్స్ స్ప్రే క్యాన్సర్ నొప్పి మీద జరిగిన చివరిదశ పరీక్షల్లో ఉత్తుత్తి మందును ప్రధాన కొలమానంలో ఓడించలేకపోయింది. మార్ఫిన్ కొత్తగా దేన్నీ ఓడించి చూపనవసరం లేదు, దాని సంగతి అందరికీ తెలుసు. 10 మి.గ్రా. మాత్ర ఖరీదు కొద్ది రూపాయలే. 2014లో ఎన్‌డీపీఎస్ చట్టాన్ని సవరించాక మార్ఫిన్, ఫెంటనిల్, మెథడోన్, ఆక్సికోడోన్, కోడీన్, హైడ్రోకోడోన్‌లను అత్యావశ్యక మాదక ఔషధాలుగా చేశారు. 2015 మే నిబంధనలతో, అంతకుముందు ఆసుపత్రికి కావలసిన నాలుగైదు లైసెన్సుల బదులు రాష్ట్ర డ్రగ్స్ కంట్రోలర్ గుర్తింపు ఒక్కటే చాలు. డాక్టరుకు శిక్షణ, తాళం, రోజువారీ రిజిస్టరు, వచ్చే ఏడాది అవసరం అంచనా ముందే పంపడం, ఇవే షరతులు.

ఎక్కడ తప్పుతుందంటే ఆ అంచనా దగ్గరే. పాత వాడకం చూసి తక్కువ రాస్తారు, ఏడాది మధ్యలో నిల్వ అయిపోతుంది. నాలుగు గంటలకొక మాత్ర లెక్కన రోగికి పదిహేను రోజులకు తొంభై కావాలి, మధ్యలో పోటెత్తే నొప్పికి అదనంగా ఇచ్చేవి కలిపితే వంద దాటుతాయి. కుప్పం నుంచి తిరుపతికి వచ్చే ఇంటికి రానూ పోనూ ఒక రోజు, మాత్రల కంటే బస్సు చార్జీయే ఎక్కువ. వేలూరులో రాయించుకున్న చీటీ తెచ్చినా చిత్తూరు మందుల షాపులో దొరకడం కష్టం, మామూలు షాపుల్లో సాధారణంగా మార్ఫిన్ పెట్టరు. మాత్రతోపాటు విరేచనం మాత్ర మొదటి రోజునుంచే రాయాలి. అది రాయకపోతే మలబద్ధకంతో రోగి మార్ఫిన్నే మానేస్తాడు, మూడోనాటికి ఎవరో విజయ సీసా తెచ్చిస్తారు.

కీమో వాంతులకు, ఆకలికి ఆ సీసాతో కొంత మేలు ఉండవచ్చు. వాడితే చుక్కలు లెక్కపెట్టవద్దు, డ్రాపర్ మారితే చుక్క మారుతుంది. 1 మి.లీ. సిరంజితో, సూది తీసేసి కొలవండి. టీహెచ్‌సీ 2.5 మి.గ్రా. మించకుండా రాత్రిపూట మొదలుపెట్టాలి. మింగిన మందు పనిచేయడానికి గంట, రెండు గంటలు పడుతుంది. అరగంటకు ఏమీ కాలేదని రెండోసారి వేసినప్పుడే ముసలివాళ్లు తల తిరిగి పడిపోతారు. మతి భ్రమించిన చరిత్ర ఉన్నవాళ్లు, గర్భిణులు దీని జోలికే పోకూడదు.

అమెరికాలోని పిల్లలు పంపే గమ్మీల (గంజాయి కలిపిన మిఠాయిల) గురించి కూడా. అక్కడి వైద్య గంజాయి కార్డు ఇక్కడ చెల్లదు. చెన్నైలో విమానం దిగినా అది ఎన్‌డీపీఎస్ 23వ సెక్షన్ కింద దిగుమతే. ఐక్యరాజ్య సమితి గంజాయిని ఒప్పేసుకుందని వాట్సాప్‌లో తిరిగేది కూడా అర్ధసత్యం. 2020 డిసెంబరు 2న 27-25 ఓట్లతో, భారత్ అనుకూల ఓటుతో, 1961 ఒప్పందం నాలుగో షెడ్యూలు నుంచి తీశారు. మొదటి షెడ్యూలులో ఇంకా ఉంది.

ప్రభుత్వం నుంచి కోరేది రెండే పనులు. విజయ సారం లేబుల్ మీద మి.లీ.కి టీహెచ్‌సీ, సీబీడీ మిల్లీగ్రాములు రాయాలని ఆయుష్ లైసెన్సింగ్ అధికారులు తయారీదారులకు షరతు పెట్టాలి, అందులో అనుమానమున్న సీసాలను నమూనాకు తీయాలి. రెండోది, తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో మార్ఫిన్ ఇచ్చే గుర్తింపు ఉన్న ఆసుపత్రుల పేర్లు, ఇచ్చే రోజులు, వేళలు ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడ మీద తెలుగులో రాయించాలి. ఆ వేళల్లో ఆదివారం కూడా ఉండాలి.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు,
తిరుపతి