పాడి రైతుల సంఘం వార్షిక నివేదిక, 2024–25

గౌరవ సభ్యులకు నమస్కారం. పోయిన సర్వసభ్య సమావేశంలో ఎక్కువమంది ఎత్తిన ఫిర్యాదు ఒక్కటే: పాలధార ఉన్న తల్లికి పుట్టిన కోడె వీర్యమే ఎక్కించినా ఆవులు సకాలంలో చూడి కట్టడం లేదని. అందుకే ఈ ఏడాది సంఘం పని చాలావరకు దీని చుట్టూనే సాగింది. గడ్డి విత్తనాల పంపిణీ, టీకాల శిబిరాలు ఎప్పటిలాగే జరిగాయి.

అవగాహన తరగతుల్లో ముందుగా అనువంశికత గురించి చెప్పించాము. పాల దిగుబడి అనువంశికత సుమారు 30 శాతమంటే తల్లి పాలలో అంత భాగం పెయ్యకు వస్తుందని కాదు. మందలో ఆవుకూ ఆవుకూ కనిపించే తేడాలో అంత భాగం పుట్టుకతో వచ్చిందని అర్థం. వెన్న శాతానికి ఇది 50 వరకు ఉంటుంది. చూడి కట్టడానికి, ఈతకూ ఈతకూ మధ్య ఎడానికి మాత్రం 10 లోపే, తరచుగా 5 దరిదాపుల్లోనే. మిగిలినదంతా మేత, ఎండ, రోగం, మన కాపలా. కోడెను తిట్టడం తేలికే గానీ, తెల్లవారుజామున కొట్టంలోకి వెళ్లి ఆవు ఎదకు వచ్చిందేమో చూసేవారు మనలో ఎందరు?

ఒక సభ్యుని ఆవు మూడుసార్లు పొర్లింది, అంటే చూడి నిలవక మళ్లీ ఎదకు వచ్చింది. గోడమీద సుద్దతో రాసుకున్న తేదీలు చూస్తే, పొద్దున ఎద కనిపించిన ఆవుకు ప్రతిసారీ మరునాటి మధ్యాహ్నమే సూది (వీర్యం ఎక్కించడం) వేయించారు. పొద్దున కనిపిస్తే ఆ సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మరునాటి పొద్దున వేయించాలి.

అలాగని వంశాన్ని పక్కన పెట్టలేము. అధిక పాలకు, ఆలస్యపు చూడికి జన్యుపరంగా లంకె ఉంది. అమెరికాలో దశాబ్దాలపాటు పాలకే పెద్దపీట వేసి హోల్‌స్టీన్ జాతి ఆవులను ఎంచుకుంటూ పోతే చూడి శక్తి తగ్గింది. 2003లో కూతుళ్ల చూడి రేటును కూడా కోడెల మేలును అంచనా వేసే సూచికలో చేర్చాల్సి వచ్చింది. అనువంశికత ఇంత తక్కువైన గుణంలో ఒక్క కూతురిని చూసి కోడెను తేల్చలేము, ఎందరో కూతుళ్ల లెక్కలు కావాలి.

ఆ లెక్కల కోసమే చెవి పోగు నంబరు, ఎద, సూది, ఈత తేదీలకు గడులున్న పుస్తకాలు పంచాము. తిరిగి వచ్చిన వాటిలో పాల లెక్క నిండుగా ఉంది, కోడె నంబరు గడి మాత్రం చాలావాటిలో ఖాళీ. కరీంనగర్ వీర్య కేంద్రం నుంచి వచ్చినదైనా, వేరే రాష్ట్రానిదైనా, ఆ నంబరు వీర్యం నింపిన సన్న గొట్టం, అంటే స్ట్రా మీదే అచ్చయి ఉంటుంది. సూది వేశాక ఖాళీ స్ట్రాను పారేయకుండా అడిగి తీసుకుని, చూసి రాసుకోవలసిందిగా సభ్యులను కోరుతున్నాము.

– కార్యదర్శి