కరెంటు వచ్చిందమ్మా

కేటీ, హ్యూస్టన్ దగ్గర
14 జులై 2024

అమ్మా,

నిన్న సాయంత్రం కరెంటు వచ్చింది. ముగ్గురం బాగానే ఉన్నాం. రెండు రోజులు ఫోన్ కలవకపోయేసరికి నువ్వు అన్నం కూడా సరిగా తినలేదని తమ్ముడు చెప్పాడు. కావాలని చేయకపోవడం కాదమ్మా, సిగ్నల్ వచ్చిపోతూ ఉంది, ఉన్న కాస్త చార్జింగ్ ఎప్పుడు ఏ అవసరం వస్తుందోనని దాచుకున్నాం.

సోమవారం తెల్లవారుజామున మాటగోర్డా దగ్గర తుపాను తీరం దాటింది. బెరిల్ అని పేరు పెట్టారు. బలంలో అన్నిటికన్నా తక్కువదైన ఒకటో కేటగిరీయే కదా అనుకున్నాం గానీ చెట్లు విరిగి తీగల మీద పడి 20 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. ఆ తర్వాత ఎండ. ఈ ఇళ్ళు ఏసీని నమ్ముకుని కట్టినవి, కిటికీలు తీసినా గాలాడదు. రాత్రంతా చిన్నదాని ఒళ్ళు తడిగుడ్డతో తుడుస్తూ కూర్చున్నాను, హుద్‌హుద్ తుపాను అప్పుడు నువ్వు నిద్ర మానుకుని మాకు విసనకర్రతో విసిరింది ఎంత గుర్తొచ్చిందో. ఫ్రిజ్‌లో పాలు, కూరలు, ఇడ్లీ పిండి అన్నీ పారబోశాం. కరెంటు పోయాక తలుపు తీయకపోయినా నాలుగు గంటలేనట, ఆ పైన నమ్మకూడదు. నీ గోంగూర పచ్చడే మమ్మల్ని కాపాడింది.

ఆఫీసు రేపటి నుంచి. ఉద్యోగానికేం ఇబ్బంది లేదు.

అసలు ఈ ఉత్తరం నాన్నగారికి చదివి వినిపించమని రాస్తున్నాను. మా వెనక వీధిలో ఒకాయన గ్యారేజీలో జనరేటర్ పెట్టాడు. తలుపు తెరిచే ఉంచాడు పాపం. అర్ధరాత్రి వాళ్ళ పిల్లలిద్దరికీ తలనొప్పి, వాంతులు. ఎండ దెబ్బ అనుకున్నారు. అంబులెన్సు వాళ్ళు వచ్చి, ఇంట్లో జనరేటర్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ విషవాయువు నిండిందని అందరినీ బయటికి లాక్కొచ్చారు. దానికి రంగుండదు, వాసనుండదు, నిద్రలోనే ప్రాణం తీసేస్తుంది. పిల్లలు బతికారు. నాకు మాత్రం ఆ రాత్రి నుంచి మన మెట్ల కింద జనరేటరే కళ్ళ ముందు ఉంది, పైన మీరు పడుకునే గది కిటికీ.

నాన్నగారూ, కోప్పడకండి. దాన్ని పెరట్లో గోడ వారకి మార్పించండి. ఇంటికి కనీసం 20 అడుగుల దూరం ఉండాలి, పొగ గొట్టం కిటికీల వైపు తిరిగి ఉండకూడదు. వానకి తడుస్తుందంటారు, నాకు తెలుసు. పైన రేకు వేయించండి, పక్కలు మాత్రం మూయొద్దు. ఇంకోటి, తమ్ముడు దాని వైరు గోడ ప్లగ్గులో పెడుతున్నాడట, వద్దని గట్టిగా చెప్పండి. మన కరెంటు వెనక్కి లైన్లోకి ఎక్కుతుంది, స్తంభం మీద ఉన్న మనిషి చచ్చిపోతాడు. అమ్మా, హుద్‌హుద్ తర్వాత మన స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కి మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టావు, అలాంటివాడే ఎక్కుతాడు. లైన్ కరెంటునీ జనరేటర్ కరెంటునీ కలవనివ్వని చేంజోవర్ స్విచ్ పెట్టిస్తే ఈ గొడవ ఉండదు, ఖర్చు నేను పంపుతాను.

తుపాన్లొచ్చే అక్టోబరు ఎంతో దూరం లేదు, ఈ నెలలోనే చేయించండి. చిన్నది నీతో మాట్లాడతానని ఒకటే గొడవ, వచ్చే ఆదివారం ఫోన్ చేస్తాం. బీపీ మాత్ర మానకు. ఎలక్ట్రీషియన్ వచ్చి వెళ్ళాక తమ్ముణ్ణి ఫోటో పెట్టమను, అది చూసేదాకా నాకు నిద్ర పట్టదు.

నీ పెద్దోడు