ఆ వీడియోలోని రోడ్డు

పెరంబూర్, చెన్నై
ఆదివారం

చిరంజీవి లలితకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మ మోకాలి నొప్పి బాగా తగ్గింది, డాబా ఎక్కి వడియాలు పెట్టేటంతగా తగ్గింది. ఈ పెట్టెలో కందిపొడి, నిమ్మకాయ ఊరగాయ, నీ పాత దుప్పటి, టైర్లలో గాలి చూసే మీటరు పెట్టాను. మీటరు మా బస్సు డిపోది కాదు, నా డబ్బుతో కొన్నదే. పొద్దున్నే బండి తీయకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. తిరిగిన టైరులో గాలి వేడెక్కి ఎక్కువ చూపిస్తుంది. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు తెరిస్తే పక్కనే స్టిక్కరు మీద రాసి ఉంటుంది. దాన్ని నమ్ము, పెట్రోలు బంకు కుర్రాడి మాట నమ్మకు.

ఊరికే రాస్తున్నాను, ప్రత్యేకంగా ఏమీ లేదు. ఫోను చేస్తే మీటింగులో ఉన్నానంటావు, తర్వాత చేస్తానంటావు. ఉత్తరమైతే మీటింగు అయ్యేదాకా బల్ల మీద కూర్చుని ఉంటుంది.

సీను బావ వచ్చి వెళ్లాడు. పెద్దత్తకు కళ్లద్దాలు మార్చారట, ఇప్పుడు అందరి వయసూ స్పష్టంగా కనిపిస్తోందని బాధపడుతోందట. మాటల మధ్య సీను ఫోను తీసి ఒక వీడియో చూపించాడు. రాత్రి పూట, డ్రైవరు కళ్ల ఎత్తు నుంచి తీసినది. స్పీడు 140. "మామయ్యా, ఇది మన లలిత పెట్టిందే. బెంగళూరు ఎయిర్‌పోర్టు రోడ్డు అంటున్నారు. పెట్టిన కాసేపటికే తీసేసింది" అన్నాడు. ఎవరు అంటున్నారో చెప్పడు. వాడి సంగతి నీకు తెలిసిందే, బుజ్జి పెళ్లి ఆగిపోయిందన్న మాట కూడా వాడి నోట పుట్టిందే. అందుకే నేను పట్టించుకోలేదు. వీడియో మాత్రం నా ఫోనుకు పంపించుకున్నాను.

చూశాను. ముందు అద్దం మీద ఒక్క పురుగు మరక లేదు. రాత్రి పూట హెబ్బాళ దాటి, ఎయిర్‌పోర్టు ఉన్న దేవనహళ్లి దాకా నడిచిన బండి అద్దం అంత శుభ్రంగా ఉండదు. సరే, నువ్వు అద్దం తుడుచుకునే మనిషివే. రోడ్డు గీతలు నిన్న వేసినట్టు ఉన్నాయి. బ్రేకు పడిన చోట బండి ముక్కు వంగాల్సినంత వంగలేదు. హారను ఒక్కటి కూడా వినపడలేదు, ఇది కంప్యూటరు ఆటే, బెంగళూరు కాదు అని మీ అమ్మతో తేల్చి చెప్పాను. అంతలో ఎడమ పక్కనుంచి వెనక దీపాలు లేని టిప్పరు ఒకటి వచ్చింది. వెనక దీపాల్లేని టిప్పరును ఏ ఆట తయారుచేసేవాడికి తడుతుంది? తర్వాత ఒక పచ్చ బోర్డు. కన్నడ అక్షరాలు మనకు ఎంతో కొంత చదవడానికి వస్తాయి కదా అని అక్కడ ఆపి, పెద్దది చేసి చూశాను. మసక. మొదటి అక్షరం 'హె' కావచ్చు, 'య' కావచ్చు.

సీను కొడుకు చింటు నన్ను చూసి నవ్వాడు. "తాతయ్యా, అసెట్టో కోర్సా అని ఇటలీ వాళ్ల ఆట ఉంది, 2014లో వచ్చింది. అందులో ఎవరికి కావాల్సిన రోడ్డు వాళ్లే తయారుచేసి పెట్టుకోవచ్చు. టోక్యో హైవేను అలాగే కట్టి, ట్రాఫిక్ కూడా వదిలారు" అన్నాడు. అయితే బెంగళూరును కట్టినవాడూ ఉండవచ్చు, టిప్పరుకు దీపాలు తీసేసినవాడూ ఉండవచ్చు. అది అలా ఉంచు.

నేను ఆటలకు వ్యతిరేకిని కాదని నీకు తెలుసు. నువ్వు మూడో ఏడాది చదువుతున్నప్పుడు ఆటలకు వాడే ఆ స్టీరింగు కొనుక్కుంటే మీ అమ్మ ఎంత గొడవ చేసింది! నేను ఒక్క మాట అన్నానా? పైగా నన్నే కూర్చోబెట్టావు. గుర్తుందో లేదో, యూరో ట్రక్ సిమ్యులేటర్ 2. చెక్ దేశం వాళ్లు 2012లో చేసినదని నువ్వే చెప్పావు. తిరుపతి బస్సు నడిపినవాడికి ఇదేమి లెక్క అనుకుని కూర్చున్నాను. బండి తీయగానే అలవాటుగా ఎడమ పక్కకు వచ్చాను. అది జర్మనీ. ఎదురుగా లారీ, దీపాలు కొడుతోంది. నేనూ కొట్టాను, వాడే తప్పుకుంటాడని. వాడు తప్పుకోలేదు. జరిమానా. కుడి పక్కకు వచ్చాక ఒక కూడలి, ఎర్ర దీపం. ఆగాను. నాలుగు వైపులా ఒక్క బండి లేదు, ఆట గడియారంలో రాత్రి రెండు. "పోనీ నాన్నా, ఎవరూ లేరు" అన్నావు. నేను పోలేదు. నువ్వు నవ్వుతుంటే పక్క గదిలోంచి మీ అమ్మ వచ్చింది, పక్కింటి పద్మ వచ్చింది, అందరూ కలిసి ఖాళీ కూడలిలో ఆగిన నన్ను చూసి నవ్వారు. కాసేపటికి హెడ్‌లైట్లు వేయలేదని ఇంకో జరిమానా. ఆ మీట ఎక్కడుందో నువ్వు చెప్పలేదు, కాబట్టి అది నా ఖాతాలో వేయకూడదు.

అసలు సంగతి తర్వాత జరిగింది. మలుపు వచ్చింది, బ్రేకు తొక్కాను, ఏమీ తెలియలేదు. బస్సులో అయితే బ్రేకు ముందు సీటుకు తెలుస్తుంది, నడుముకు తెలుస్తుంది, వెనక నిలబడిన వాళ్ల అడుగుల చప్పుడుకు తెలుస్తుంది. కొంచెం గట్టిగా తిప్పితే పాల క్యాన్లు కదిలిన మోత, 'డ్రైవరన్నా' అని కేక. ఎంత తొక్కాలో నాకు చెప్పినవి అవి, స్పీడు ముల్లు కాదు. అక్కడ కుర్చీ కదలదు. కళ్లు తిరుగుతున్నామంటాయి, ఒళ్లు కూర్చున్నామంటుంది. లారీ మలుపు దాటి గడ్డిలోకి పోయింది, నా కడుపు ఇంకో వైపు పోయింది. మీ అమ్మ నిమ్మరసం ఇచ్చింది. "స్టీరింగు బరువు చూడు నాన్నా, టైరు పట్టు వదిలేముందు చేతికి తెలుస్తుంది" అన్నావు నువ్వు. ఆ ముక్క మాత్రం నిజమే. ఆ స్టీరింగులోని మోటారు చేతికి ఇచ్చే ఒత్తిడి చాలా బాగుంది. మలుపుకు ముందే, బండి నిటారుగా ఉన్నప్పుడే బ్రేకు వేయాలని, చూపు మలుపు చివర ఉండాలని ఆ ఆటలు నీకు నేర్పాయి. డ్రైవింగు స్కూలులో అది ఎవరూ నేర్పరు. ఎనిమిది అంకె వేయించి పంపేస్తారు.

ఆ రోజుల్లోనే కదా నాకు జాన్ మార్డెన్‌బరో కథ చెప్పావు. గ్రాన్ టురిస్మో అనే రేసు ఆట ఆడుతూ 2011లో నిస్సాన్, సోనీ కలిసి పెట్టిన పోటీ గెలిచి, 2013లో లె మాన్స్ 24 గంటల రేసులో తన తరగతి కార్లలో మూడో స్థానం తెచ్చుకున్న కుర్రాడు. ఆ ఆట చేసిన వాళ్లే 2007 నిస్సాన్ జీటీ-ఆర్ కారులో కొలతలు చూపే తెరను కూడా తయారుచేశారని అన్నావు. నేను ఆశ్చర్యపోయాను, ఒప్పుకుంటాను. కానీ 2015లో జర్మనీ నూర్‌బర్గ్‌రింగ్ ట్రాకులో అదే కుర్రాడి కారు మిట్ట మీద గాలిలోకి లేచి కంచె దాటి పడింది, చూడటానికి వచ్చిన ఒకాయన చనిపోయాడు. ఆ ముక్క నువ్వు చెప్పలేదు, నేను తర్వాత చదువుకున్నాను. అతని తప్పని అనడం లేదు. కుర్చీ కింద గాలి ఎప్పుడు దూరుతుందో తెర మీద తెలియదని అంటున్నాను.

ఇంకొకటి, పుచ్చకాయలు పండించే ఇంటి పిల్లవాడు, అమెరికా రేసరు రాస్ చాస్టెయిన్. 2022 అక్టోబరు 30న మార్టిన్స్‌విల్ ట్రాకులో ఆఖరి రౌండులో కారును గోడకు ఆనించి, యాక్సిలరేటరు తీయకుండా తొక్కి ఐదు కార్లను దాటేశాడు. చిన్నప్పుడు గేమ్‌క్యూబ్ అనే ఆటల పెట్టెలో నాస్కార్ 2005 అనే రేసు ఆట ఆడుతూ నేర్చిన ఎత్తు అని తనే చెప్పాడు. ఆ రోజు నువ్వు ఫోనులో ఎంత సంబరపడ్డావు! మరుసటి ఏడు, ఆ రేసులు నడిపే నాస్కార్ వాళ్లు ఇక అలా చేస్తే శిక్ష వేస్తామన్నారు. నాకు ఆ గోడ గురించి ఆలోచన. దెబ్బను మింగేలా కట్టిన గోడ అది. మీ సిల్క్ బోర్డు నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి పోయే పది కిలోమీటర్ల ఫ్లైఓవరు పిట్టగోడ అలాంటిది కాదు. అవతల హోసూరు రోడ్డు, కింద బస్సు కోసం నిలబడ్డ జనం. ఎయిర్‌పోర్టు రోడ్డు గురించి నేను ఏమీ అనడం లేదు.

రేసు నాకు కొత్త కాదమ్మా. నేను కుర్రాడిగా ఉన్నప్పుడు షోలవరంలో విమానాల పాత రన్‌వే మీద రేసులు జరిగేవి. నెల్లూరు వైపు వెళ్లే బస్సుల్లో జనం కిటికీల్లోంచి మెడలు చాచేవారు. తర్వాత 1990లో ఇరుంగాట్టుకోట్టైలో ట్రాకు వచ్చింది, 3.7 కిలోమీటర్లు. 2024 ఆగస్టు చివర్లో ఐలాండ్ గ్రౌండ్ చుట్టూ రాత్రి రేసు పెట్టినప్పుడు శివానంద రోడ్డుకు రెండు వైపులా గోడలు కట్టారు. నేను బస్సు తిప్పిన రోడ్డే, గుర్తుపట్టలేకపోయాను. ట్రాకులో ప్రతి రౌండుకూ అదే మలుపు అదే చోట ఉంటుంది. ఆటలోనూ అంతే. అందుకే ఆడినవాడు ట్రాకు మీద రాణిస్తాడు, ట్రాకు మీదివాడు ఆటలో సాధన చేస్తాడు, ఫార్ములా వన్ రేసరు వెర్‌స్టాపెన్ అంతటివాడు కూడా ఇంట్లో కూర్చుని ఆడతాడు. నగరి దాటాక ఉన్న మలుపులో నేను రోజూ తిరిగాను, ఒక్కనాడూ నిన్నటి మలుపు కాదు. ఒకనాడు రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి, ఒకనాడు మేకల మంద, ఒకనాడు పెళ్లి ఊరేగింపు. అంత డబ్బు పోసి గ్రేటర్ నోయిడాలో కట్టిన ట్రాకు మీదికే 2011లో ఫార్ములా వన్ మొదటి ప్రాక్టీసులో కుక్క వచ్చి ఎర్ర జెండా ఎత్తించింది. దేవనహళ్లి రోడ్డుకు ఎర్ర జెండా ఎవరు ఎత్తుతారు?

సీను ఒక వ్యాసం కూడా పంపాడు. 2007లో జర్మనీ పరిశోధకులు రేసు ఆటలు ఆడించిన మగవాళ్లకు ఆ వెంటనే రోడ్డు దృశ్యాలు చూపిస్తే, మామూలు ఆటలు ఆడినవాళ్ల కంటే ఎక్కువ తెగించారట. చూశావా మామయ్యా అన్నాడు. ఆ పరీక్ష కూడా తెర మీదే పెట్టారు కదరా అన్నాను. నీ పక్షాన మాట్లాడానని తెలియాలని రాస్తున్నాను. కానీ ఒకటి నా అనుభవంలో ఉంది. హైవేలో చాలాసేపు వేగంగా వచ్చి ఊళ్లోకి దిగితే, అరవై కూడా నడిచిపోతున్నట్టే ఉంటుంది. కన్ను వేగానికి అలవాటు పడిపోతుంది. తెర మీద రెండు గంటలు రెండు వందల్లో తిరిగిన కన్ను, తాళాలు తీసుకుని కిందికి దిగితే ఏమవుతుందో నువ్వే చూసుకో. ఆడిన రాత్రి బండి తీయకు. తీయాల్సి వస్తే ముందు కాసేపు వీధిలో నడిచి రా. వేగం రెట్టింపయితే బ్రేకు దూరం నాలుగింతలు, అది ఏ కంపెనీ కారుకూ మారదు. రోడ్డు మీద పందెం పెడితే మొదటిసారికే 5,000 దాకా జరిమానా లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ, 2019 నుంచి అమలులో ఉంది. ఇది నీ కోసం కాదు, నీ స్నేహితుల్లో ఎవరికైనా చెప్పవచ్చని.

ఉపన్యాసం ఇవ్వకూడదనే కూర్చున్నాను. మీ అమ్మ భుజం మీంచి చదివి మూతి తిప్పుకుని వెళ్లింది.

మాటల్లో పడి మరిచాను, గోవిందన్న కనిపించాడు. మా డిపో టైరు సెక్షనులో ఉండేవాడు. ఇప్పుడూ అలాగే ఉన్నాడు. ఆయన ఏ బండి దగ్గరికీ వచ్చి ఎవరు నడిపారని అడిగేవాడు కాదు. అరచెయ్యి టైరు మీద అటూ ఇటూ పెట్టి చూసి పేరు చెప్పేవాడు. "అరవై దాటను" అని ఒట్టు పెట్టుకునే డ్రైవరు ఒకడుండేవాడు. అతని ముందు టైర్ల బయటి అంచులు గుండ్రంగా అరిగిపోయి ఉండేవి. గోవిందన్న ఏమీ అనకుండా వాటిని అతని చేతనే విప్పించేవాడు.

రాత్రి భోజనం బయట చేయకు. మారతహళ్లిలో మన వంట దొరుకుతుందని సీను చెప్పాడు గానీ, నూనె ఏమి వాడతారో ఎవరికి తెలుసు. నీ జుట్టు ఊడుతోందని మీ అమ్మ అంటోంది, ఫోటోలో ఆమెకు అన్నీ కనిపిస్తాయి.

మీటరు అందాక నాలుగు టైర్ల ఫోటోలు పంపు. దేనికీ కాదు, గాలి సరిగా ఉందో లేదో చూద్దామని. ముందు చక్రాలను పూర్తిగా ఒక పక్కకు తిప్పి ఆపితే బయటి అంచు బాగా కనిపిస్తుంది. పగటి వెలుతురులో తియ్యి. కడగకుండా తియ్యి.

ఇట్లు
నాన్న