కరెంటు పెట్టే ముందు కాలు ముట్టి చూడండి

సంపాదకుడికి,

అయ్యా,

‘నరాల నొప్పులకు కరెంటు వైద్యం’ అన్న బోర్డులు మా పట్టణంలో వీధికొకటి కనిపిస్తున్నాయి. 14 ఏళ్లుగా ఫిజియోథెరపీ చేస్తున్నవాణ్ణి. ఆ బోర్డు చూసినప్పుడల్లా నాకు ఒక పెద్దావిడ పాదం గుర్తొస్తుంది.

ఆవిడకు చాలా కాలంగా షుగరు ఉంది. రెండు పాదాలూ మంటలు. ఎక్కడో సయాటికా, అంటే నడుము దగ్గర నరం ఒత్తుకుందని చెప్పి, నడుమును సాగదీసే ట్రాక్షను, పాదాలకు వేడి కాపడం పెట్టారు. కాపడం కాలుతున్న సంగతి ఆవిడకు తెలియలేదు, స్పర్శ ఉంటే కదా! నా దగ్గరకు వచ్చేసరికి మడమ పక్కన రూపాయి బిళ్లంత బొబ్బ. ‘‘రాత్రి దుప్పటి తగిలినా ఓర్చుకోలేను బాబూ, నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియదు’’ అన్నారు. జబ్బేమిటో ఆ ఒక్క మాటలోనే ఉంది. అడిగినవారే లేరు.

సయాటికా చాలావరకు ఒక కాలికే వస్తుంది. వెన్ను దగ్గర నరం మొదట్లో ఒత్తిడి పడి, పిరుదు నుంచి పిక్క దాటి సన్నని గీతలా జివ్వున దిగుతుంది. దగ్గినా తుమ్మినా పెరుగుతుంది. వెల్లకిలా పడుకోబెట్టి మోకాలు వంచకుండా కాలు పైకెత్తితే అదే నొప్పి మళ్లీ పలుకుతుంది. షుగరుతో నరాల చివర్లు దెబ్బతింటే రెండు పాదాల్లోనూ మేజోళ్లు తొడిగినంత మేర మంట, మొద్దుబారడం. షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో బి12 విటమిను తగ్గినా ఇలాగే ఉండవచ్చు. నడుము కీళ్ల నుంచి, కండరాల నుంచి తొడలోకి పాకే సలుపు మరొకటి. దాన్నీ జనం నరమనే అంటారు గానీ, అందులో నరానికి దెబ్బే ఉండదు. ఎక్కడని అడిగితే వేలు పెట్టి చూపలేరు, అరచేత్తో రుద్ది చూపిస్తారు. ఈ మూడింటికీ ఒకే మిషను, అవే పది సిట్టింగులు!

వీటిని విడదీయడానికి ముందే స్కానుకు పరిగెత్తనక్కర్లేదు. నొప్పే లేనివారి స్కానులోనూ వెన్నుపూసల మధ్య ఉండే డిస్కు ఉబ్బినట్టు కనిపించవచ్చు. దూది, చిన్న రబ్బరు సుత్తి, అదురు తెలుస్తోందో లేదో చూసే ట్యూనింగ్ ఫోర్కు, 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాను పోగు చాలు. కాలి బొటనవేలు పైకి లేపమనాలి, మునివేళ్ల మీద నడవమనాలి, మడమ పైన సుత్తితో తట్టి చూడాలి. పావుగంట పని. మూత్రం రాక ఆగిపోయినా, కూర్చునే చోట స్పర్శ పోయినా మాత్రం ఏ మిషనూ వద్దు, ఆ గంటలోనే పెద్దాసుపత్రికి పంపాలి.

2021లో పార్లమెంటు చేసిన అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం కిందికి మా వృత్తీ వచ్చింది. దాని ప్రకారం పనిచేయవలసిన రాష్ట్ర మండళ్లను నేను కోరేది రెండే. స్పర్శ పరీక్ష ఫలితం రాయకుండా కాపడం, కరెంటు పెట్టకూడదని నియమం చేయాలి. రోగి చెప్పిన మాటను చెప్పినట్టే తెలుగులో రాయడానికి కేసు షీటులో చోటివ్వాలి. సలుపు, పోటు, తీపు, మంట, తిమ్మిరి మనకు వేర్వేరు. షీటులోకి ఎక్కేసరికి అన్నీ కలిసి ‘పెయిన్’ అయి కూర్చుంటున్నాయి.

ఆ పెద్దావిడ బొబ్బ మానడానికి ఏడు వారాలు పట్టింది. నడుముకు ట్రాక్షను ఒక్క రోజు కూడా అవసరం పడలేదు.

ఇట్లు,
ఒక ఫిజియోథెరపిస్టు,
తెనాలి