గాల్లో చక్కర్లు కొట్టిన ప్రతి విమానమూ గండంలో పడ్డట్టు కాదు

సంపాదకుల వారికి,

నమస్కారం. పోయిన నెల మీ పత్రిక లోపలి పేజీలో ఒక వార్త చదివాను. విమానం రన్‌వే దాకా వచ్చి దిగకుండా మళ్ళీ పైకి లేచిందట, పావుగంట గాల్లో చక్కర్లు కొట్టిందట, ప్రయాణికులు ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నారట. పైన పెద్ద అక్షరాల్లో 'తృటిలో తప్పిన పెను ప్రమాదం' అని శీర్షిక. రెండుసార్లు చదివినా ఆ ప్రమాదం ఏమిటో నాకు దొరకలేదు. విమానం ఎందుకు లేచిందో రాయలేదు, ఎవరినీ అడిగినట్టు కూడా లేదు. రెండేళ్ళ కిందటైతే నేనూ 'అయ్యో పాపం' అనుకుని పేజీ తిప్పేసేవాణ్ణే. ఇప్పుడు తిప్పబుద్ధి కావడం లేదు, ఎందుకంటే ఈ మధ్యలో ముప్పై డాలర్ల రేడియో ఒకటి నా చేతికొచ్చింది.

నేను రైల్వేలో స్టేషన్ మాస్టర్‌గా చేసి రిటైరయ్యాను. మావాడు అమెరికాలో డాలస్ దగ్గర కాపెల్‌లో ఉంటాడు. అక్కడికి వెళ్ళిన తల్లిదండ్రుల బతుకు ఎలా ఉంటుందో మీ పాఠకుల్లో సగం మందికి నేను చెప్పక్కర్లేదు. కొడుకూ కోడలూ పొద్దున్నే లాప్‌టాప్‌ల ముందు కూర్చుంటారు, పిల్లాడు బడికి పోతాడు, వీధిలో మనిషి కనపడడు. మా ఆవిడకి సీరియళ్ళున్నాయి, నాకున్నవి నెత్తిమీద విమానాలే. కాపెల్ పక్కనే డాలస్ ఫోర్ట్‌వర్త్ ఎయిర్‌పోర్టు, 17 వేల ఎకరాల పైన, ఏడు రన్‌వేలు. వెనక పెరట్లో కుర్చీ వేసుకుని ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటుంటే మనవడు చూసి, 'తాతయ్యా, వాళ్ళేం మాట్లాడుకుంటున్నారో వింటావా' అన్నాడు.

మొదట వాడు తెప్పించింది ఇరవై డాలర్ల వాకీటాకీ. దాంట్లో నంబరు సరిగ్గానే కొట్టాం కానీ జల్లెడలో ఇసుక పోస్తున్నట్టు ఒకటే చప్పుడు. సెట్టు పాడైందనుకున్నాం, పాడు కాలేదు, తెలియనిది మాకే. మనం పాటలు వినే ఎఫ్ఎం 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ దాకా ఉంటుంది కదా, దానికి సరిగ్గా పై వాటాలో విమానాల వాళ్ళ కాపురం. ముందు దారి చూపించే సంకేతాలు, ఆ తర్వాత 118 నుంచి 137 దాకా మాటలు. కాకపోతే వాళ్ళు మాట్లాడేది ఎఫ్ఎంలో కాదు, ఏఎంలో, అంటే మన పాత మీడియం వేవ్ పద్ధతిలో. చవక వాకీటాకీల్లో చాలావాటికి ఆ ఏఎం అర్థం కాదు. ఇది తెలుసుకుని, పెట్టె మీద ఎయిర్ బ్యాండ్, ఏఎం అని రెండూ రాసి ఉన్నదే చూసి రెండోది కొన్నాం. అరచేతిలో పట్టే చైనా సెట్టు. దానికి మాట్లాడే బటన్ కూడా ఉంది, పిల్లాడు సెట్టింగుల్లోకి వెళ్ళి ఆ ప్రసారం మొత్తం ఆపేసి, 'దీని జోలికి మాత్రం పోకు తాతయ్యా' అని ఆ బటన్ మీద ఎర్ర టేపు అంటించి ఇచ్చాడు.

దాంతో వచ్చిన రబ్బరు ఏరియల్ పొట్టిది. దాని బదులు లాగితే పొడుగయ్యేది తగిలించి, రెండడుగుల దాకా లాగి నిటారుగా పట్టుకుంటే తేడా అప్పటికప్పుడే తెలిసింది. స్క్వెల్చ్ అని ఒకటుంటుంది, ఎవరూ మాట్లాడనప్పుడు వచ్చే గురగురని అదే నొక్కేస్తుంది, మరీ పెంచితే దూరం మాటల్ని కూడా నొక్కేస్తుంది. అది కుదరడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఇంకో సంగతి, ఈ తరంగాలు కంటిచూపు లాంటివి, అడ్డం ఉంటే రావు. పైనున్న విమానం అయితే ఎంతో దూరం నుంచి వినపడుతుంది, కింద నాలుగు మైళ్ళలో ఉన్న, విమానాలకి అనుమతులిచ్చే టవర్ మాత్రం ఇళ్ళ చాటున పడి సరిగా వినపడదు. అందుకని పెరట్లో కూర్చుంటే పైలట్ జవాబులే వచ్చేవి, అడిగిందేమిటో తెలిసేది కాదు. వంటింట్లో కోడలు ఫోన్లో వాళ్ళమ్మతో మాట్లాడుతుంటే మనకి ఇటువైపు మాటే వినపడుతుంది చూడండి, అలాగ.

రెండువైపులా వినాలంటే టవర్ కనపడేచోటికి పోవాలి. ఆ ఎయిర్‌పోర్టు వాళ్ళే ఒక చోటు కట్టి పెట్టారు, ఫౌండర్స్ ప్లాజా అంటారు. గడ్డి, బల్లలు, దూరం చూసే టెలిస్కోపులు, ఎదురుగా రన్‌వే. నన్ను ఆశ్చర్యపరిచింది ఏమిటంటే అక్కడ టవర్ మాటలు స్పీకర్లోనే వినిపిస్తారు, రేడియో లేనివాడు కూడా పులిహోర డబ్బా విప్పుకుని కూర్చుని వినొచ్చు (మేం అదే చేశాం). అక్కడే ఒక మూల, 1985 ఆగస్టు 2న ఆ ఎయిర్‌పోర్టులో దిగబోతూ గాలివానలో కూలిపోయిన డెల్టా 191 విమానం మృతులకు స్మారకం కూడా ఉంది. ఆ రోజు పోయినవాళ్ళు 137 మంది. దాన్ని దాచిపెట్టకుండా, విమానాలు చూడ్డానికి వచ్చే జనం మధ్యనే పెట్టారు.

మొదటి వారం నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇంగ్లీషు రాక కాదు, వేగం. తర్వాత చెవికి పట్టింది, పట్టాక నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే అది నేను ముప్పై ఏళ్ళు చేసిన పనే. బ్లాక్ ఫోన్లో ఘన్‌పూర్ నుంచి రఘునాథపల్లిని లైన్ క్లియర్, అంటే బండి పంపడానికి అనుమతి, అడుగుతాం, అవతలి మాస్టర్ బండి నంబరు చెప్పి ఒప్పుకున్నట్టు గుర్తుగా ఒక ప్రైవేట్ నంబర్ ఇస్తాడు, మనం దాన్ని తిరిగి చెప్పి రిజిస్టర్లో రాసుకుంటాం. తిరిగి చెప్పకపోతే ఇచ్చినట్టు కాదు. బండి నంబరు కూడా 'పన్నెండువేల ఏడువందల ఇరవైమూడు' అని ఎవడూ అనడు, వన్ టూ సెవెన్ టూ త్రీ అని ఒక్కొక్కటే. ఇక్కడా అంతే. టవర్‌లో ఉండే కంట్రోలర్ ఎత్తు చెప్పినా, దిక్కు చెప్పినా, రన్‌వే చెప్పినా పైలట్ దాన్ని తిరిగి వల్లించాలి. నైన్ అనేది ఫైవ్ లాగా వినపడకుండా 'నైనర్' అంటారు. ఒకరోజు ఒక పైలట్‌కి రన్‌వే పేరు 'వన్ ఎయిట్ రైట్' అని చెప్తే 'వన్ ఎయిట్ లెఫ్ట్' అన్నాడు. కంట్రోలర్ 'నెగెటివ్, వన్ ఎయిట్ రైట్' అన్నాడు, అవతలివాడు దిద్దుకున్నాడు, మొత్తం మూడు సెకన్లు. ఎవరి గొంతూ లేవలేదు. మా కంట్రోల్ ఫోన్లో అయితే ఈపాటికి ఆ కుర్రాడి ఏడుతరాల ప్రస్తావన వచ్చేది.

ఇక అసలు విషయానికొస్తాను. అక్కడున్న మూడు నెలల్లో నేను ఏడుసార్లు 'గో అరౌండ్', అంటే దిగకుండా లేచి మళ్ళీ చుట్టి రమ్మనే మాట విన్నాను, అంటే మీ భాషలో ఏడు పెను ప్రమాదాలు. వాటిలో ఒకటి ప్లాజాలో కూర్చుని కళ్ళారా చూశాను. ముందు దిగిన విమానం రన్‌వే మీంచి పక్కకి తప్పుకోవడం కాస్త ఆలస్యం చేసింది, వెనకది చక్రాలు దింపుకుని దగ్గరికొచ్చేసింది. కంట్రోలర్ 'గో అరౌండ్' అన్నాడు. 'గోయింగ్ అరౌండ్' అని పైలట్. వెంటనే ఫలానా దిక్కు, మూడువేల అడుగులు అని ఈయన, అదే తిరిగి చెప్పి ఆయన. ఇంజన్ల మోత పెరిగింది, ముక్కు లేచింది, మా తలల మీదుగా వెళ్ళిపోయింది. లోపల కూర్చున్నవాళ్ళు గోవిందా అనుకునే ఉంటారు, వాళ్ళని తప్పు పట్టను, వాళ్ళకి వినపడదు కదా. రేడియోలో మాత్రం హోటల్లో ఇంకో ఇడ్లీ చెప్పినంత మామూలుగా అయిపోయింది. పావుగంటకి అదే విమానం వచ్చి సుఖంగా దిగింది. పావుగంట తిరిగితే ఆయిల్ అయిపోదా అంటారేమో, దిగాల్సిన ఊరికే కాక అవసరమైతే ఇంకో ఊరికి పోవడానికి, అక్కడ కనీసం ఇంకో అరగంట తిరగడానికి కూడా లెక్కగట్టి పోసుకుని బయల్దేరతారు.

సిగ్నల్ ఇవ్వకపోతే స్టేషన్ బయట హోం సిగ్నల్ దగ్గర బండి ఆగుతుంది. దాన్ని మీరు 'తృటిలో తప్పిన రైలు ప్రమాదం' అని రాయరు కదా. విమానం గాల్లో ఆగలేదు, అందుకని మళ్ళీ చుట్టి వస్తుంది. అనుమానం వస్తే దిగకుండా లేవడమే ఆ పైలట్‌కి నేర్పిన పద్ధతి. దాన్ని మనం భయంగా రాసీ రాసీ, ఆఖరికి 'ఎలాగోలా దించేసిన పైలట్' మంచివాడు, లేపినవాడు చేతకానివాడు అనే చోటికి జనాన్ని తెచ్చి పెడుతున్నాం. నా బాధ అక్కడ.

నిజంగా ప్రమాదం ఎక్కడుంటుందో కూడా ఆ రేడియోలోనే విన్నాను. అప్పుడప్పుడు ఇద్దరు ఒకేసారి బటన్ నొక్కుతారు. ఏఎం కాబట్టి రెండూ కలిసి కీచుమని ఒక ఈల వస్తుంది, మాట తెలియదు. వెంటనే ఎవరో ఒకరు 'బ్లాక్‌డ్' అంటారు, మళ్ళీ చెప్పించుకుంటారు. మొదటిసారి విన్నప్పుడు అదేం చప్పుడో అనుకున్నా, తర్వాత చదివితే ఒళ్ళు జలదరించింది. 1977 మార్చి 27న టెనరిఫేలో పొగమంచులో రెండు బోయింగ్ 747 విమానాలు రన్‌వే మీదే గుద్దుకుని 583 మంది పోయారు. ఒక విమానం అనుమతి రాకుండానే పరుగు మొదలుపెట్టింది. ఆగు, నేను పిలుస్తాను అని టవర్, మేమింకా రన్‌వే మీదే ఉన్నాం అని రెండో విమానం, ఇద్దరూ ఒకే క్షణంలో మాట్లాడారు. పరుగెత్తే విమానంలో ఈ కీచు వచ్చింది. అప్పటినుంచే 'టేకాఫ్' అన్న మాటని నిజంగా అనుమతి ఇచ్చేటప్పుడు, దాన్ని రద్దు చేసేటప్పుడు తప్ప వాడకుండా, మిగతా అన్నిచోట్లా 'డిపార్చర్' అనడం మొదలైంది. మనకి 1996 నవంబర్ 12 ఉండనే ఉంది, హర్యానాలో చర్ఖీ దాద్రీ దగ్గర రెండు విమానాలు గాల్లోనే గుద్దుకున్నాయి. అప్పటి ఢిల్లీ రాడార్‌లో విమానం ఎంత ఎత్తులో ఉందో కనపడేది కాదు, పైలట్ నోటిమాటే ఆధారం. 15 వేల అడుగుల్లో ఉండమన్న కజక్ విమానం అంతకంటే కిందికి దిగిపోయింది, 14 వేలల్లో వస్తున్న సౌదీ విమానాన్ని గుద్దింది, మొత్తం 349 మంది పోయారు. ఆ తర్వాతే మన దేశంలో విమానాలకి ఎదురెదురు రాకుండా హెచ్చరించే పరికరం తప్పనిసరి చేశారు. ఇలాంటివి రాయండి సార్, పేజీ నిండా రాయండి, నాకు అభ్యంతరం లేదు.

ఇప్పుడు మీరు అడుగుతారు, ఆ రేడియో తెచ్చుకుని ఇక్కడ వింటున్నారా అని. తేలేదు. అమెరికాలో విమానాల మాటలు వినడం తప్పు కాదు, చట్టంలోనే మినహాయింపు ఉంది. మన దగ్గర 1933 నాటి వైర్‌లెస్ చట్టం లైసెన్సు లేకుండా సెట్టు ఇంట్లో పెట్టుకోవడాన్నే నేరమంది. దాని స్థానంలో వచ్చిన 2023 టెలికాం చట్టంలోనూ రేడియో పరికరం దగ్గర పెట్టుకోవాలంటే అనుమతి కావాలనే ఉంది. మా నాన్న పాటలు వినే రేడియోకే ఏటా పోస్టాఫీసుకి వెళ్ళి డబ్బు కట్టి లైసెన్సు పుస్తకంలో స్టాంపు అంటించుకొచ్చేవాడు, ఆ భయం నాకూ కొంచెం వంటపట్టినట్టుంది. అందుకని సెట్టు మనవడికే వదిలేసి వచ్చాను. ఈ ఉత్తరం చదివి ఎవరైనా కుర్రాళ్ళు ఆన్‌లైన్లో వాకీటాకీ తెప్పించుకుని ఎయిర్‌పోర్టు గోడ దగ్గర నిలబడేరు, వద్దు బాబూ, పోలీస్ స్టేషన్లో కూర్చోవాల్సి వస్తుంది. ఆన్‌లైన్లో ఇవి అడ్డగోలుగా అమ్ముతున్నారని 2025లో వినియోగదారుల రక్షణ సంస్థ కంపెనీలకు నోటీసులిచ్చింది, మంచి పనే. ప్రసారం చేసే బటన్ ఉన్న ఏ సెట్టు మీదైనా చట్టం ఎంత గట్టిగా ఉన్నా నేను సమర్థిస్తాను, ఎవడో సరదాకి నొక్కిన బటన్ పైన రెండువందల మందికి వెళ్ళాల్సిన మాటని ముంచేస్తుంది.

నేను అడిగేది వినడం గురించి. వినడానికే తప్ప మాట్లాడ్డానికి పనికిరాని పెట్టెకి వేరే లెక్క పెట్టొచ్చు కదా. భద్రత అంటారు. ఏ విమానం ఎక్కడ ఏ ఎత్తులో ఉందో ఇవాళ చేతిలో ఫోనే బొమ్మ గీసి చూపిస్తోంది. పైగా ఈ మాటలు రహస్యంగా ఉండకూడదనే అలా పెట్టారు, ఒక పైలట్‌తో అన్నది చుట్టుపక్కల ఉన్న పైలట్లందరికీ వినపడితేనే ఎవరెక్కడున్నారో వాళ్ళకి తెలుస్తుంది. చట్టం మార్చడం పెద్ద పని, టైం పడుతుందంటే, కనీసం స్పీకరు పెట్టండి. మా వరంగల్ మామునూరు ఎయిర్‌పోర్టుకి కేంద్రం 2025లో సరేనంది. ఎలాగూ కొత్తగా కడతారు. గోడ బయట ఒక ఎకరం, నాలుగు బల్లలు, రెండు వేపచెట్లు, ఒక స్పీకరు. బేగంపేటలో విమానాలు దిగే రోజుల్లో జనం రోడ్డు పక్కన స్కూటర్లు ఆపుకుని పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని చూసేవాళ్ళు, 2008లో శంషాబాద్‌కి పోయాక అదీ లేదు. మన పిల్లలు విమానం ఎక్కుతున్నారు కానీ చూడ్డం లేదు.

ఇది ప్రభుత్వం వారి సంగతి. మీ చేతిలో ఉన్నది మాత్రం ఒక ఫోన్ కాల్. ఈసారి విమానం దిగకుండా లేచిందని మీ విలేకరి వార్త పంపితే, ఎయిర్‌పోర్టు వాళ్ళని ఎందుకు లేచిందో అడగమనండి. ముందు విమానం తప్పుకోలేదనో, గాలి మారిందనో చెప్తారు. నిజంగానే ఇంకేదో జరిగి ఉంటే అదీ బయటికొస్తుంది, అప్పుడు మీ పెద్ద అక్షరాలు వాడండి. లేదంటే శీర్షిక నేనే ఇస్తున్నాను, అక్షరాలు లెక్కపెట్టి చూశాను, మీ రెండు కాలాల్లో సరిపోతుంది: 'రన్‌వే ఖాళీ లేక మళ్ళీ చుట్టివచ్చిన విమానం'.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టేషన్ మాస్టర్,
కాజీపేట