డ్రిఫ్ట్ బోటు కిట్‌లో నాసిరకం ప్లైవుడ్, తప్పుల మాన్యువల్: ఫిర్యాదు

కస్టమర్ సేవల మేనేజర్ గారికి,
చెక్క పడవల కిట్ల విక్రయ సంస్థ.

విషయం: 16 అడుగుల డ్రిఫ్ట్ బోటు (రాతి నదుల్లో తెడ్లతో నడిపే పడవ) కిట్‌లోని ప్లైవుడ్ మార్చి ఇవ్వాలని, తెలుగు మాన్యువల్‌లోని తప్పులు సవరించాలని.

అయ్యా,

మీరు పంపిన ఆరు ప్లైవుడ్ షీట్లలో (6 మి.మీ.వి నాలుగు, 12 మి.మీ.వి రెండు) ఒక్కటీ పడవకు పనికిరాదు. ముఖం మీద ఐఎస్ 710 (మెరైన్ ప్లైవుడ్‌కు భారతీయ ప్రమాణం) ముద్ర ఉంది గానీ లోపలున్నది నీటికి తట్టుకునే ఆ మెరైన్ ప్లైవుడ్ కాదు. ఈ మాట ఊరికే అనడం లేదు. ప్రతి షీటు మూల నుంచీ అరడుగు ముక్క కోసి నీళ్లలో మరిగించాం. ఐఎస్ 710 సరుకు 72 గంటలు మరిగినా జిగురు వదలకూడదు. మీ 6 మి.మీ. ముక్కలకు ఎనిమిది గంటలకే పై రేకు (పైనుండే పలుచని చెక్క పొర) గోటితో లేచి వచ్చింది. 12 మి.మీ. ముక్కలు మర్నాటికి పుస్తకంలా విచ్చుకున్నాయి. కోత అంచున జిగురు గీత మాత్రం నీటికి ఆగే జిగురులాగే ముదురు గోధుమ రంగులో కనిపించింది. నీటికి ఆగని యూరియా జిగురులో రంగు కలిపి అమ్మేవాళ్లున్నారు కాబట్టి రంగు చూసి మోసపోవచ్చు, మరిగే నీళ్లు మాత్రం అబద్ధం చెప్పవు.

రెండో లోపం లోపలి పొరల్లో ఖాళీలు. షీటును నిలువునా చీలిస్తే కోత పొడవునా సందులు బయటపడ్డాయి, కొన్నిట్లో నాణెం దూరుతుంది. ఫ్యాక్టరీ అంచులకు లప్పం పెట్టి రంగు పూయడం వల్ల కొనేటప్పుడు ఇవి కంటికి ఆనవు. బీరువాకైతే ఇది పెద్ద విషయం కాదు. పడవలో ఆ ఖాళీ గొట్టంలా పనిచేస్తుంది: ఒక స్క్రూ రంధ్రం దగ్గర దూరిన నీరు లోలోపలే పాకి రెండడుగుల అవతల చెక్కను కుళ్లబెడుతుంది, కారుతున్నది ఎక్కడో ఎంత వెతికినా దొరకదు. పైగా పక్క పలకను ముందు కొయ్య వైపు వంచేటప్పుడు ఎక్కువ ఒత్తిడి పడేది ముందు మూడో వంతులోనే. ఖాళీ అక్కడుంటే పలక వంపు తిరగదు, ఫట్‌మని విరుగుతుంది.

ఫోన్‌లో మీ సిబ్బంది ఇచ్చిన సమాధానం: "పైన ఎపాక్సీ పూస్తారు కదండీ, ఏ ప్లైవుడైనా ఒకటే." (ఎపాక్సీ అంటే చెక్క మీద గట్టిపడి నీరు దూరకుండా మూసే జిగురు పూత.) ఈ పడవ విషయంలో ఇంతకన్నా ప్రమాదకరమైన సలహా ఉండదు. డ్రిఫ్ట్ బోటు అమెరికాలోని ఒరెగాన్‌లో మెకెంజీ లాంటి రాతి నదుల కోసం పుట్టిన పడవ. అడుగు చదునుగా, రెండు కొసలూ పైకి లేచి ఉండేది జానెడు నీళ్లలో కూడా రాళ్ల మీదుగా జారిపోవడానికే. అంటే దీని అడుగు రాయికి తగలడం ప్రమాదవశాత్తు జరిగేది కాదు, రోజూ జరిగేదే. గీత పడ్డచోట ఎపాక్సీ పొర తెగుతుంది, నీరు లోపలికి దిగుతుంది. మిగతా అంతా ఎపాక్సీ మూసి ఉండడంతో ఆ నీరు బయటికి ఆరదు. మంచి ప్లైవుడ్ అయితే ఎండబెట్టి అతుకు వేసుకునే వ్యవధి ఇస్తుంది, మీ ప్లైవుడ్ ఇవ్వదు. ఇంకో సంగతి: ఎపాక్సీ ఎంత గట్టిదైనా అది పట్టుకునేది పై రేకునే. ఆ రేకే కింది పొరను వదిలేస్తే, అడుగున వేసిన ఫైబర్‌గ్లాస్ గుడ్డ కూడా రేకుతో సహా ఊడొస్తుంది.

ఇక మాన్యువల్. పక్క పలక పొడవు 4880 మి.మీ. అని గీశారు, 2440 మి.మీ. షీట్లు రెండు కలిపితే సరిపోతుందన్నారు. షీట్లను ఏటవాలుగా చెక్కి ఒకదాని మీద ఒకటి అతికించాలని, ఆ వాలు మందానికి ఎనిమిది రెట్లు ఉండాలని 9వ పేజీలో మీరే రాశారు. 6 మి.మీ.కు ఎనిమిది రెట్లంటే 48. అతుకయ్యాక మిగిలే పొడవు 4832 మి.మీ. మాత్రమే. కొలత చాలక, కిట్ కొన్నవాళ్లు షీట్లను మొనకు మొన ఆనించి వెనక పట్టీ వేస్తారు. పట్టీ ఉన్నచోట పలక వంగదు, దానికి అటూ ఇటూ ఎక్కువగా వంగుతుంది, పక్క నుంచి చూస్తే పడవ ఒళ్లు విరిచినట్టు కనిపిస్తుంది. 12 మి.మీ. అడుగు పలకకు ఇదే లెక్కన 96 మి.మీ. పోతుంది. అక్కడ పొడవు మిగులుంది కాబట్టి సరిపోయింది.

ఎపాక్సీ పాళ్లు (రెజిన్‌కు, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ ఎంత అన్నది) "2కు 1" అని వదిలేశారు. కొలత గ్లాసుతోనా, తూకంతోనా? డబ్బా లేబుల్ మీద అది గ్లాసు కొలత. హార్డెనర్ రెజిన్ కన్నా తేలిక, అందువల్ల అదే పాళ్లు తూకంలో సుమారు 100కు 43 అవుతుంది. మాన్యువల్ నమ్మి 100 గ్రాములకు 50 గ్రాములు తూచి కలిపితే హార్డెనర్ ఎక్కువై జాయింటు రబ్బరులా మెత్తగా ఉండిపోతుంది. వారం ఆగినా గట్టిపడదు, గీకి తీసి మళ్లీ వేయడమే. మన ఎండల్లో కలిపిన మిశ్రమాన్ని లోతు డబ్బాలో ఉంచితే నిమిషాల్లో పొగలు కక్కి గడ్డకడుతుందనీ, వెంటనే వెడల్పు పళ్లెంలో పరచాలనీ ఎక్కడా లేదు. తేమ రోజుల్లో ఆరిన పూత మీద జిడ్డులాంటి పొర తేలుతుంది. దాన్ని నీళ్లతో కడిగి, తుడిచి, ఆ తర్వాతే గరుకు కాగితం పట్టాలి. కడగకుండా రుద్దితే జిడ్డు పూతలోకే ఎక్కి తర్వాతి పూత పట్టదు. ఇదీ లేదు.

పక్క పలకా అడుగు పలకా కలిసే మూలలో వేసే పొడవు చెక్క బద్దల అంచును పడవ పొడవునా ఒకే కోణంలో చెక్కమన్నారు. పక్కల వాలు ముందు కొయ్య దగ్గర ఒకలా, నడుమ ఒకలా, వెనక ఒకలా ఉంటుంది కాబట్టి ఆ కోణం అడుగడుక్కీ మారుతుంది. పడవను బోర్లించి, రెండు బద్దల మీద అడ్డంగా తిన్నని కర్ర పెట్టి, కర్ర రెండు వైపులా పూర్తిగా ఆనేదాకా చిత్రిక పట్టడమే దారి. ఒకే కోణంలో చెక్కితే ఒకచోట లోపలి అంచు, ఇంకోచోట బయటి అంచు మాత్రమే ఆని మధ్యలో జిగురు తప్ప చెక్క ఉండదు. మీరిచ్చిన నాలుగు బద్దల్లో రెండింటికి నార అడ్డంగా బయటికి తిరిగింది, వంచగానే అక్కడే చీలాయి.

స్టెయిన్‌లెస్ అన్న స్క్రూలు అయస్కాంతానికి గట్టిగా అతుక్కున్నాయి, రాత్రి నీళ్లలో వేస్తే తెల్లారికి తుప్పు నీరు. తెడ్లు ఏడడుగులవి, ఈ వెడల్పుకు కనీసం ఎనిమిదిన్నర కావాలి. 22వ పేజీ బొమ్మలో తెడ్డు వేసేవాడు పడవ వెళ్లే దిగువ వైపుకు వీపు తిప్పి కూర్చున్నాడు. ఈ పడవలో దిగువకు ముఖం పెట్టి, ఎదురొచ్చే రాళ్లు చూస్తూ, తెడ్లు వెనక్కి లాగి వేగం తగ్గించుకుంటారు. ఆ బొమ్మ చూసి నేర్చుకున్నవాడు రాయిని గుద్దాకే చూస్తాడు. దాన్ని ఈ రోజే వెబ్‌సైట్ నుంచి తీసేయండి.

మేం కోరేవి ఇవి. ఆరు షీట్లకూ బదులు అసలైన ఐఎస్ 710 షీట్లు, వాటి బ్యాచ్ పరీక్ష నివేదికతో సహా పంపాలి. రవాణా ఖర్చు మీదే. పక్కల కోసం 6 మి.మీ. షీట్లు రెండు అదనంగా ఇవ్వాలి, లేదా కొలతలు 4832కు తగ్గించి డ్రాయింగు తిరిగి గీయాలి. బద్దలు, స్క్రూలు, తెడ్లు మార్చాలి. ఇప్పటికే ఈ కిట్ కొన్నవాళ్లందరికీ సవరించిన పేజీలు పంపాలి. షీట్ల మీద ఉన్న సీఎం/ఎల్ నంబరు (ముద్ర వేసుకోవడానికి భారతీయ ప్రమాణాల సంస్థ బీఐఎస్ ఇచ్చే లైసెన్సు నంబరు) ఏ తయారీదారుదో, ఏ సరుకుకు ఇచ్చిందో కూడా లిఖితపూర్వకంగా తెలపాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో మేమూ చూస్తున్నాం.

ఉత్తరం అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళతాం. ముద్ర దుర్వినియోగం సంగతి బీఐఎస్‌కు విడిగా రాస్తాం.

బిల్లు నకలు, కోత అంచుల ఫొటోలు, మరిగించిన ముక్కలు రెండు జతపరిచాం. మిగతా ముక్కలు మా దగ్గర భద్రంగా ఉన్నాయి, మీ మనిషి వస్తే ఎదురుగా మళ్లీ మరిగిస్తాం.

ఇట్లు,
కిట్ కొనుగోలుదారులు